పిసుకుడు సిస్టర్

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ పొడుగు సిస్టర్ అనేవాళ్లు. సెలైన్ సీసా కొక్కేనికి తగిలించాలంటే మిగతా నర్సులు మునివేళ్ల మీద లేవాలి, ఆమెకు చెయ్యెత్తితే చాలు. కిటికీ పైగడియ బిగుసుకుపోయినా, ఫ్యాను రెక్క తుడవాలన్నా "పొడుగు సిస్టర్ ఏదీ?" అని కేకేసేవాళ్లు. ఆమె వచ్చి ఆ పని చేసి, కిక్కురుమనకుండా వెళ్లిపోయేది. నోట్లో నాలుక లేని మనిషి అనుకునేవాళ్లు. అది తప్పని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. తేలాక మాత్రం అందరికీ ఒక్కసారే తేలింది.

ఆమె పనిచేసేది పక్షవాతం వార్డులో. అక్కడ మంచాలు ఒకదానికొకటి ఎంత దగ్గరంటే, ఒకరికి దుప్పటి కప్పితే అంచు పక్కవాళ్ల మీద పడేది. ఒక మూల మంచం మీద రిటైరైన బస్సు కండక్టరమ్మ ఉండేది. బతుకంతా కిక్కిరిసిన బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన మనిషి. జబ్బు ఆమె కుడిపక్కను లాగేసింది, మాటను కూడా తీసుకుపోయింది. ఒక్క మాట మిగిలింది. "పోనీ!" బస్సు కదలాలంటే డ్రైవరుకు ఆమె వేసిన కేక అది. ఆకలేస్తే పోనీ, నొప్పేస్తే పోనీ, కూతురొస్తే పోనీ, కూతురు వెళ్లిపోతుంటే కన్నీళ్లతో పోనీ. ఏ పోనీకి ఏ అర్థమో గొంతును బట్టి పోల్చుకోవాలి. పొడుగు సిస్టర్ బాగానే పోల్చుకునేది.

కండక్టరమ్మ కుడి పిడికిలి గట్టిగా ముడుచుకుపోయింది. గోళ్లు అరచేతిలో దిగి పుండు పడుతున్నాయి. గోళ్లు తీయాలంటే పిడికిలి తెరవాలి. బలవంతాన తెరవబోతే ఇంకా బిగిసేది, ఆమె పోనీ పోనీ అని వార్డు ఎగిరిపోయేలా అరిచేది. ఒకరోజు పొడుగు సిస్టర్ గోళ్ల కత్తెర పక్కన పడేసి, మంచం అంచున కూర్చుంది. ఏం చెయ్యాలో ఆమెకూ తెలియదు. ఊరికే ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, మోచేతి నుంచి మణికట్టు దాకా అరచేతులతో నెమ్మదిగా నిమురుతూ కూర్చుంది. చంటిపిల్లను జోకొట్టేటప్పుడు చేసే పని లాంటిదే. కాసేపటికి చిటికెనవేలు కాస్త వదులైంది. దాని పక్కవేలు కదిలింది. చివరికి బొటనవేలు కూడా దారిచ్చింది. అరచేతిలో నాలుగు గోళ్ల గుర్తులు ఎర్రగా బయటపడ్డాయి.

"పోనీ," అంది కండక్టరమ్మ. ఆ గొంతు పొడుగు సిస్టర్ అంతకుముందెప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున థర్మామీటరు పట్టుకుని వెళ్లేసరికి, కండక్టరమ్మ తన బాగున్న చేత్తో పడిపోయిన చేతిని ఎత్తి, తెచ్చి మంచం అంచున పెట్టింది, కడగమని గిన్నె అందించినట్టు.

ఆ చెయ్యి సిస్టర్ మనసులోంచి పోలేదు. ఇన్నేళ్లుగా ఎంతమందిని ముట్టుకుంది తను? సూది గుచ్చడానికి, పట్టీ కట్టడానికి, దొర్లించి పక్క మార్చడానికి. ఎప్పుడూ పనై, చెయ్యి తీసేసి, పక్క మంచానికి పరుగు. వ్యాయామం చేయించే సారు వచ్చినప్పుడు పట్టుకుని అడిగింది. ఆయన ఒక్కడే, వార్డులు బోలెడు. ఒక కాలు వంచి ఇంకో కాలు చాపించేలోపే ఎవరో పిలిచేవాళ్లు.

"చేసినదాంట్లో తప్పేం లేదు సిస్టర్. కానీ ఎక్కడో చెయ్యి తగిలింది, ఏదో వదిలింది. ఎందుకు వదిలిందో తెలిస్తే ఇంకా బాగుంటుంది కదా. నేర్చుకోండి."

"ఎవరు నేర్పుతారు?"

"టైర్ల కొట్టు మీద మేడగదిలో విజిల్ టీచరమ్మని ఒకావిడ ఉంది. ముందే చెబుతున్నా, తిడుతుంది."

*

ఇంట్లో చెప్పడమే అసలు గండం. ఆమె భర్త టైలరు. ఇంటి ముందుగదే కొట్టు. అత్తగారు ఆ కొట్లో ఓ మూల స్టూలు మీద కూర్చుని గుండీలు కుడుతూ, వచ్చేపోయే వాళ్లందరి సంగతులూ ఆరా తీస్తూ ఉండేది. సిస్టర్ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి భర్త ఒక లావుపాటి మనిషికి ప్యాంటు కొలతలు తీసుకుంటున్నాడు.

"ఏమండీ, సాయంత్రం క్లాసులకి వెళ్దామనుకుంటున్నా. మసాజ్ నేర్చుకుంటాను."

టేపు ఆగిపోయింది. "ఏం నేర్చుకుంటావ్?"

"మసాజ్."

"కాస్త మెల్లిగా అను తల్లీ. కస్టమరున్నారు." లావుపాటి మనిషి చేతులు పైకెత్తుకుని గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు, చెవులు మాత్రం ఇటే. "నర్సువి నువ్వు. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు? మసాజంటే ఎలాంటి మాటో తెలుసా అసలు? నా పరువేం కాను?"

మామూలుగా అయితే ఆమె లోపలికెళ్లి టీ పెట్టుకునేది. ఆ రోజు ఎందుకో చిర్రెత్తుకొచ్చింది.

"మీరిప్పుడు ఏం చేస్తున్నారు?"

"కొలతలు తీస్తున్నా."

"ఆయన నడుం చుట్టూ చెయ్యేసి. ఊరందరి నడుములూ, తొడలూ, భుజాలూ పొద్దుట్నుంచి మీరు కొలవొచ్చు, పరువు చెక్కుచెదరదు. కదల్లేని మనిషి చెయ్యి నేను పడితే మాత్రం కొట్టుకుపోతుందా?"

లావుపాటి మనిషి కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుకి టేపు జారి కింద పడింది. భర్త మొహం మాడిపోయింది. అత్తగారు నోట్లో ఉన్న దారం తెంపి, సూది గుడ్డకు గుచ్చి, "నర్సు కోడల్ని తెచ్చుకున్నప్పుడే మా చెల్లెలు మూతి తిప్పింది. ఇప్పుడు ఈ వైభోగం కూడా వింటే పూర్తిగా తిరిగిపోతుంది ఆ మూతి," అంది. అది తిట్టో మెచ్చుకోలో ఎవరికీ తెలియలేదు.

ఆ వారమంతా భర్త ఆమెతో మాట్లాడలేదు. కంచంలో కూర కావాలంటే గోడకు చెప్పేవాడు. ఆమె కూడా కూర గోడ పక్కనే పెట్టి క్లాసుకు వెళ్లిపోయింది.

*

విజిల్ టీచరమ్మ ఒకప్పుడు పరుగుపందేల అమ్మాయిల జట్టుకు మసాజ్ చేసిన మనిషి. మైదానంలో అరిచి అరిచి గొంతు పోయింది. అందుకే మెడలో విజిల్. తప్పు చేస్తే ఊదేది. మేడగదికి రబ్బరు వాసన కింద నుంచి వచ్చేది, టైర్లకు గాలి కొట్టే చప్పుడు కూడా. నేల మీద చాపలు, గోడకు ఒక మనిషి బొమ్మ, చర్మం లేకుండా కండరాలన్నీ ఎర్రగా కనిపిస్తూ. నేర్చుకునేవాళ్లలో ఇద్దరు బ్యూటీ పార్లరు అమ్మాయిలు, ఒక డ్రిల్లు మాస్టరు, పొడుగు సిస్టర్.

మొదట్లో ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వనే లేదు. చెయ్యి ఎక్కడ పెట్టాలో చెప్పకముందు ఎక్కడ పెట్టకూడదో వాళ్లతో వల్లె వేయించింది. జ్వరం ఉంటే వద్దు. ఒక్క కాలే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే అసలే వద్దు, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, నలిపితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, డాక్టరు దగ్గరికి పరుగెత్తించండి. కుట్లు మానకపోతే వద్దు. మనిషి వద్దంటే వద్దు. నోరు లేనివాళ్లయితే మొహం చూడండి, మొహం వద్దంటే వద్దు.

సిస్టర్ ఇవన్నీ తనకు తెలిసినవేనని లోలోపల కాస్త గర్వపడింది. చేతులు వాడే రోజు వచ్చింది. డ్రిల్లు మాస్టరు బోర్లా పడుకున్నాడు. ఆమె చకచకా మొదలుపెట్టిందో లేదో విజిల్ మోగింది.

"ఏం చేస్తున్నావ్?" అని బొంగురుగొంతుతో అడిగింది టీచరమ్మ.

"వీపు మసాజండీ."

"దుప్పటి సర్దుతున్నట్టుంది. పొడుగ్గా ఉన్నావుగా, ఆ ఒంటి బరువంతా ఎక్కడ దాచుకున్నావ్? వేళ్లతో నెట్టకు, వాలు. తొందరెందుకు? పక్క మంచం వాళ్లు పిలుస్తున్నారా?"

అందరూ నవ్వారు. సిస్టర్‌కి తల కొట్టేసినట్టయింది. నర్సుగా చేరాక ఆమెను ఎవరూ తొందరెందుకని అడగలేదు. తొందరపడమనే అన్నారు. రెండో విజిల్‌కి, మూడో విజిల్‌కి కూడా చేతులు మాట వినలేదు. ఇంటికి పోతూ దారంతా గొణుక్కుంది, ఇంత వయసొచ్చాక ఈ విజిల్ దెబ్బలేమిటని. అయినా మర్నాడు అందరికన్నా ముందు వెళ్లి చాపలు పరిచింది.

సాధన చెయ్యడానికి మనిషి కావాలి. భర్తను అడగడం అనవసరం. ఆయన మెడ పొద్దస్తమానం మిషను మీద వంగి కట్టెలా బిగిసేది, అయినా "నా మెడ సంగతి నాకు తెలుసు" అని గోడకే చెప్పాడు. ఒక సెలవురోజు మధ్యాహ్నం అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎవరూ దొరక్కపోతే నా వీపొకటి ఏడ్చింది కదా. చూసుకో. పాత సరుకు, విరిగితే నీదే పూచీ."

ఇద్దరూ ఒకే కప్పు కింద ఏళ్ల తరబడి బతికారు. ఉప్పు దగ్గర్నుంచి ఉద్యోగం దాకా తగువు పడని విషయం లేదు. అలాంటిది అత్తగారు తలగడ మీద మొహం పెట్టి బోర్లా పడుకుంటే, ఆ సన్నటి వీపు, గుండీలు కుట్టి కుట్టి ముందుకు వంగిపోయిన భుజాలు చూసి కోడలికి ఒక క్షణం చెయ్యి ఆడలేదు. ఈమె ఇంత చిన్నదా అనిపించింది. నోరు చూసి పెద్ద మనిషి అనుకుందన్నమాట ఇన్నాళ్లూ.

"నొప్పయితే చెప్పండత్తయ్యా."

"చెప్పకుండా ఊరుకునే దాన్నా నేను? అబ్బ! ఏమిటా చేతులు, ఇటికరాళ్లా? మెల్లిగా... ఇంకాస్త కిందికి. ఆ. అక్కడే, అక్కడే. ఎవరే నీకు చెప్పింది అక్కడ నొప్పని?"

"మీ భుజమే చెప్పింది."

"భుజానికి కూడా నోరుందా నా ఒంట్లో!" అని నవ్వి, తర్వాత చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. నిద్రపోయిందనుకుని కోడలు చేతులు తీయబోయింది.

"తీయకు," అంది అత్తగారు తలగడలోకే. "మీ మావయ్య పోయాక నా వీపు మీద ఎవరైనా చెయ్యేయడం ఇదే."

కోడలు చేతులు తీయలేదు. విజిల్ టీచరమ్మ వాలమన్నది ఏమిటో ఆ మధ్యాహ్నం ఆమెకు అర్థమైంది. ఆ రాత్రి భోజనాల దగ్గర కొడుకు మళ్లీ గోడతో మాట్లాడబోతే, ముసలావిడ ఒంటికాలి మీద లేచింది. "ఒరేయ్, ఆ గోడని కట్టుకున్నావా దీన్ని కట్టుకున్నావా? కూర కావాలంటే పెళ్లాన్నడుగు!"

*

ఆసుపత్రిలో సిస్టర్ ఏదీ చాటుగా చెయ్యలేదు. ముందు వార్డు డాక్టరును అడిగింది. ఎవరెవరికి చెయ్యొచ్చో, ఎవరి జోలికి వెళ్లకూడదో ఆయనతో చెప్పించుకుంది. తన మామూలు పనులన్నీ అయ్యాక, మిగిలిన కాస్త వ్యవధిలో, మూల మంచం నుంచి మొదలుపెట్టింది. కండక్టరమ్మ జబ్బేమీ మాయమైపోలేదు, పడిపోయిన చెయ్యి లేవనూ లేదు. కానీ పిడికిలి రోజూ తెరుచుకునేది, అరచేతిలో పుండు మానింది, గుడ్డ చుట్ట పెడితే పట్టుకునేది. ఆమెకు నిద్ర మాత్ర వెయ్యాల్సిన అవసరం తగ్గింది. పక్కమంచాల వాళ్లు కూడా చేతులు చాపడం మొదలుపెట్టారు.

నర్సుల గదిలో గుసగుసలు బయల్దేరాయి. ఎవరు పెట్టారో గానీ "పిసుకుడు సిస్టర్" అన్న పేరు పుట్టి, లిఫ్టులో ఎక్కి అన్ని అంతస్తులూ తిరిగొచ్చింది. ఆమె వస్తుంటే ఒకామె కావాలనే భుజం పట్టుకుని "అబ్బా, ఇక్కడ కాస్త..." అనేది, మిగతావాళ్లు నవ్వేవాళ్లు. సిస్టర్ అప్పటికి ఊరుకుంది. ఒకరోజు మాత్రం ఆగి, "నిజంగా నొప్పా?" అని అడిగింది.

"అబ్బే, ఊరికే..."

"నిన్న పేషెంటుని ఒక్కదానివే ఎత్తావు. నడుం పట్టేసింది. కూర్చోవడానికి కుర్చీ చెయ్యి పట్టుకుంటున్నావు, చూస్తూనే ఉన్నా. నొప్పుంటే నొప్పని చెప్పు, నవ్వెందుకు?"

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, అంత నొప్పి ఉందట.

అసలు గొడవ స్పెషల్ గదుల్లో మొదలైంది. అక్కడ మోకాలి ఆపరేషను చేయించుకున్న ఒక కాంట్రాక్టరు ఉన్నాడు. ఆపరేషనయి నాలుగు రోజులు కూడా గడవలేదు, కుట్లు పచ్చిగానే ఉన్నాయి. ఆ పూట అక్కడి నర్సు సెలవు పెడితే పొడుగు సిస్టర్ మందులివ్వడానికి వెళ్లింది. ఆయన టీవీ కట్టేసి, ఎగాదిగా చూశాడు.

"మసాజ్ చేస్తావంట గదా?"

"కొంతమంది పేషెంట్లకి చేస్తానండీ. మీకు కుట్లు మానేదాకా కుదరదు."

"కాలికెవడు అడిగాడమ్మా! ఆ తలుపు కాస్త దగ్గరికేసి రా. నిన్ను స్పెషల్‌గా చూసుకుంటాను."

సిస్టర్ మందుల ట్రే బల్ల మీద పెట్టింది. తలుపు దగ్గరికి వెళ్లింది. కాంట్రాక్టరు తలగడ సర్దుకున్నాడు. ఆమె రెండు తలుపులూ బార్లా తెరిచి, అవి మళ్లీ పడకుండా ఒకవైపు కుర్చీ, ఇంకోవైపు చెత్తబుట్ట అడ్డం పెట్టింది. తర్వాత వరండాలోకి చూసి, ఆ ఆసుపత్రిలో ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో కేకేసింది.

"ఏమండోయ్! ఈ సారుకి మసాజ్ కావాలట! తలుపేసి రమ్మంటున్నారు! తలుపెందుకో నాకు అర్థం కావట్లేదు, ఎవరైనా వచ్చి కాస్త అడిగి చెప్పండి!"

వరండా అంతా ఆగిపోయింది. బకెట్టు పట్టుకున్న ఆయా, స్ట్రెచరు తోస్తున్న వార్డుబాయ్, స్ట్రెచరు మీద పడుకున్న మనిషి కూడా తలెత్తి చూశాడు. అదే సమయానికి కాంట్రాక్టరు భార్య ఫ్లాస్కు పట్టుకుని లిఫ్టు దిగుతోంది.

"ఏవండీ, ఏం కావాలట మీకు?" అంది ఆవిడ గుమ్మంలో నిలబడి, చాలా నెమ్మదిగా.

కాంట్రాక్టరు దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. సిస్టర్ మాత్రలు చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడి, నీళ్లగ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

*

సాయంత్రానికల్లా కబురొచ్చింది, పెద్ద సిస్టర్ పిలుస్తున్నారని. పెద్ద సిస్టరంటే నర్సులందరికీ పైఅధికారి. ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆమె గదిలోకి వెళ్తే కుర్చీలు కూడా నిటారుగా కూర్చున్నట్టుండేవి.

"ఆయన ఫిర్యాదు చేశారు. నలుగురిలో అవమానించావని. వెళ్లి క్షమాపణ చెప్పు."

"చెప్పను మేడమ్."

పెద్ద సిస్టర్ కళ్లజోడు తీసింది. "ఏమన్నావ్?"

"చెప్పనన్నాను. ఆయన తలుపెయ్యమన్నారు, నేను తెరిచాను. అంతేగా జరిగింది."

"ఆ మాట అనే ధైర్యం ఆయనకెందుకొచ్చింది? నువ్వు మొదలుపెట్టిన ఈ పిసుకుడు వల్ల. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నర్సంటే కాళ్లు పట్టే మనిషని అనుకునేవాళ్లు. డాక్టరు కాఫీ తెమ్మంటే తేవాలి, కొంగు సర్దుకుంటూ పోవాలి. మా మేనమామ పెళ్లికి పిలిచి కూడా నన్ను వెనక వరసలో కూర్చోబెట్టాడు. ఆ పేరు తుడిచెయ్యడానికి మా తరం ఎంత కొట్లాడిందో నీకు తెలుసా? ఇప్పుడు నువ్వొచ్చి మళ్లీ కాళ్లు పిసుకుతానంటావా?"

సిస్టర్‌కి అది ఊహించని దెబ్బ. ఆమె చెప్పినదంతా నిజమే. అయినా వెనక్కి తగ్గాలనిపించలేదు.

"మీరు కొట్లాడారు కాబట్టే నేనివాళ మీ ఎదురుగా నిలబడి చెప్పనంటున్నాను మేడమ్. అప్పుడు నర్సంటే నీచంగా మాట్లాడారు. మీరు యూనిఫాం విప్పి ఇంట్లో కూర్చున్నారా? మాట్లాడినవాళ్ల నోళ్లు మూయించారు. ఇప్పుడు మసాజంటే మాట్లాడుతున్నారు. నేనెందుకు చేతులు ముడుచుకోవాలి? సిగ్గుపడాల్సింది తలుపెయ్యమన్న మనిషి."

పెద్ద సిస్టర్ కళ్లజోడు పెట్టుకుని, "రేపట్నుంచి స్టోరులో డ్యూటీ," అంది. "కట్లు కట్టే గాజుగుడ్డలు కత్తిరించు. అక్కడ నీకు పేషెంట్లుండరు."

స్టోరు బేస్‌మెంటులో ఉండేది. కిటికీ లేదు. గాజుగుడ్డ థానులు, దూది మూటలు, కాలు విరిగిన పాత స్ట్రెచరు. మొదటిరోజు గుడ్డ కత్తిరిస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కత్తిరించింది, ముక్కలన్నీ వంకర వచ్చాయి. ఇంటికెళ్లి చెబితే భర్త ఇప్పుడు చంకలు గుద్దుకుంటాడనుకుంది. ఆయన మిషను ఆపి, అంతా విని, "తలుపెయ్యమన్నాడా?" అని మాత్రం అడిగాడు. కత్తెర పక్కన పెట్టి, "స్టోరులో స్ట్రెచరుందన్నావుగా. దాని గుడ్డ చిరిగిపోయుంటుంది. కొలత తీసుకురా," అన్నాడు.

మందపాటి కాన్వాసుతో కొత్త గుడ్డ కుట్టి ఇచ్చాడు. విరిగిన కాలికి ఆసుపత్రి వడ్రంగి బద్ద కట్టాడు. ఆ వారం నుంచే డ్యూటీ దిగిన నర్సులు ఒక్కొక్కరే మెట్లు దిగి రావడం మొదలైంది. అందరికన్నా ముందు వచ్చింది ఆ నడుం పట్టేసిన అమ్మాయి. తర్వాత ఆపరేషను థియేటరులో గంటల తరబడి నిలబడే సిస్టర్లు, మడమలు పగిలిన ఆయాలు. ఇళ్లకు వెళ్లే ముందు కాసేపు ఆ స్ట్రెచరు మీద బోర్లా పడుకుని, కడుపులో ఉన్నదంతా చెప్పుకుని, కళ్లు తుడుచుకుని పోయేవాళ్లు. అందరి ఒంట్లోనూ నొప్పులే. రోగుల్ని ఎత్తీ దించీ అరిగిపోయిన మనుషులు, ఎవరికీ చెప్పుకోకుండా దాచుకున్న నొప్పులు. ఒకామె మోకాలి కింద ఒక్కవైపే వాపుంటే సిస్టర్ చెయ్యి కూడా వెయ్యలేదు. "పైకి పద, డాక్టరుకి చూపించు" అని చెయ్యి పట్టుకుని తనే తీసుకెళ్లింది. పేరు మాత్రం మారలేదు. "పిసుకుడు సిస్టర్ ఉన్నారా?" అని మెట్ల మీంచే అరిచేవాళ్లు. "ఉన్నా, రా!" అని ఆమె కూడా అంతే గట్టిగా అరిచేది.

పైన వార్డులో కండక్టరమ్మ సమ్మె కట్టింది. బీపీ చూడటానికి చెయ్యివ్వదు, మాత్ర మింగదు. ఎవరు దగ్గరికొచ్చినా గుమ్మం వైపు చూపించి "పోనీ!" అంటుంది. పోయి పొడుగు సిస్టర్ని తీసుకురమ్మని. కూతురికి అర్థమై నేరుగా ఆసుపత్రి నడిపే పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్లింది. "మా అమ్మ అరచెయ్యి మళ్లీ పుండయింది. ఆ పొడుగు సిస్టర్ని ఏం చేశారు మీరు?" అని నిలదీసింది. వ్యాయామం సారు కూడా తనకు తోడుంటే బాగుంటుందని ఎప్పట్నుంచో అనుకుంటున్నాడు, ఇదే అదనని ఆయనా నోరు విప్పాడు.

పెద్ద డాక్టరుగారు సిస్టర్ని, పెద్ద సిస్టర్ని ఒకేసారి పిలిపించారు. ఆయన పేచీలకు దూరంగా ఉండే మనిషి. ఇద్దరి మొహాలూ చూసి, బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నారు.

"మళ్లీ వార్డుకి పంపితే ఏం చేస్తావమ్మా?"

"చేసిన పనే చేస్తానండీ. డాక్టరు ఒప్పుకున్నవాళ్లకే. వాళ్లు ఒప్పుకుంటేనే. తలుపు తీసే ఉంటుంది. ఎవరైనా వెకిలిగా మాట్లాడితే మళ్లీ వరండాలోకే పిలుస్తాను. ఇంకో మాట. నేనొక్కదాన్నే కాదు, నేర్చుకుంటామని కింద నలుగురు అడుగుతున్నారు. వాళ్లకీ నేర్పించండి. అది కుదరదంటే స్టోరే నయం."

"బెదిరిస్తున్నావా?"

"లేదండీ. గుడ్డలు కత్తిరించడం కూడా బాగా వచ్చింది ఇప్పుడు."

ఆయన పెద్ద సిస్టర్ వైపు చూశారు, ఆమె వద్దంటే బతికిపోదామని. పెద్ద సిస్టర్ గోడ మీది క్యాలెండరు చూస్తూ, "నర్సుల్లో నడుంనొప్పి సెలవులు ఈ మధ్య తగ్గాయి," అంది.

వార్డు చివర సామాన్లు పడేసే గది ఖాళీ చేయించారు. విజిల్ టీచరమ్మ నేర్పడానికి వస్తానని ఒప్పుకుంది. వచ్చిన రోజే వరండాలో విజిల్ ఊది, పొడుగు గోళ్లున్న నర్సులందర్నీ వెనక్కి పంపించేసింది. కండక్టరమ్మ చక్రాల కుర్చీలో ఊరేగింపుగా వచ్చి, పొడుగు సిస్టర్ని చూసి, పోనీ పోనీ అని అరిచి అరిచి ఏడ్చింది.

గది మీద పేరు రాయించాలి. పెద్ద డాక్టరుగారు సిస్టర్ని పక్కకు పిలిచి, "ఆ మాట వద్దమ్మా, బయటివాళ్లు వేరేగా అనుకుంటారు. స్పర్శ సేవా కేంద్రం అని రాయిద్దాం. గౌరవంగా ఉంటుంది," అన్నారు.

సిస్టర్ తల అడ్డంగా ఊపింది. "మనమే పేరు దాచుకుంటే, అది దాచుకోవాల్సిన పనేనని ఒప్పుకున్నట్టవుతుంది సార్. నేను నేర్చుకున్నది మసాజ్. అదే రాయించండి."

పెయింటరు బ్రష్షు పట్టుకుని తలుపు ముందు నిలబడి, ఒకసారి డాక్టరుగారి వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. డాక్టరుగారు రౌండ్లకు టైమైందని వెళ్లిపోయారు.

"మరి ఏం రాయమంటారక్కా?"

"మసాజ్ గది అని రాయి. పెద్ద అక్షరాలు. లిఫ్టు దిగినవాళ్లకి అక్కడ్నుంచే కనపడాలి."

స్టూలెక్కాక అతనికి కిందున్న డబ్బా అందలేదు. ఆమె రంగుడబ్బా పైకెత్తి పట్టుకుంది. ఎర్రరంగు ఇంకా ఆరకముందే పెద్ద సిస్టర్ ఇస్త్రీ మడతతో వరండాలో వస్తూ ఆగింది. తలుపు పైన రాసింది ఒకటికి రెండుసార్లు చదివింది. నర్సులందరూ గుమ్మాల్లోంచి తొంగిచూస్తున్నారు.

"ఆ 'గ' తలకట్టు వంకరపోయింది," అంది పెద్ద సిస్టర్. "దిద్దించు."

"దిద్దిస్తాను మేడమ్," అంది పొడుగు సిస్టర్. అప్పటికే తలుపు బయట బల్ల మీద నలుగురైదుగురు వచ్చి కూర్చున్నారు. ఆమె చేతులు కడుక్కుని, తలుపు బార్లా తీసి, "ఎవరు ముందు?" అని అడిగింది.